ఆకాశం కావాలా? అమ్మ కావాలా?

మా ఇంట్లో ఒక ఫోటో ఉంది. 1988లో తంజావూరు పెద్దగుడి దగ్గర నాన్నగారు తీసింది. అందులో ఆకాశం, తెల్లటి మబ్బులు ఎంత ముచ్చటగా పడ్డాయో! గోపురం మాత్రం బొగ్గుముద్ద. దాని ముందు నిలబడ్డ నల్లటి ఆకారం మా అమ్మ.

"ఇంత దూరం వచ్చింది మబ్బుల్ని ఫోటో తీయడానికా?" అని అమ్మ ఎన్నేళ్ళు దెప్పిందో!

పాపం, నాన్నగారేం చేస్తారు? అరువు తెచ్చిన కెమెరాలో సూది ఎలా చెబితే అలా తిప్పారు. ఆ సూదికి అమ్మెవరో, ఆకాశమేదో ఏం తెలుసు? మెరిసిపోయే ఆకాశాన్ని చూసి "అబ్బో, బోలెడు వెలుగు" అనుకుంది. నీడలో నిలబడ్డవాళ్ళ సంగతి దానికి పట్టలేదు.

ఈ తగవు ఫోటోగ్రఫీ పుట్టినప్పటినుంచీ ఉన్నదే. కాకపోతే ఆ రోజుల్లో ఓడిపోయేది ఆకాశం. అప్పటి కాగితం నెగెటివ్‌లకూ, గాజుపలకలకూ నీలిరంగు వెలుగంటే మహా ప్రీతి. ఎరుపు వాటి కంటికి ఆనదు. రాతిగోడ చక్కగా పడేదాకా ఆగితే, ఆలోగా ఆకాశం ఉతికి ఆరేసిన పంచెలా తెల్లబోయేది. మబ్బులు మాయం!

కెప్టెన్ లినేయస్ ట్రైప్ అనే ఆయన 1855లో బర్మా వెళ్ళి గుళ్ళూ గోపురాలూ ఫోటోలు తీశాడు. తర్వాత మద్రాసు ప్రభుత్వానికి ఫోటోగ్రాఫరయ్యాడు. మదుర, తంజావూరు ఆలయాలనే కాదు, మద్రాసు మ్యూజియానికి చేరిన మన అమరావతి శిల్పాలను కూడా 1858లో ఫోటో తీసింది ఆయనే. బోసిపోయిన ఆకాశం ఆయనకు నచ్చలేదు కాబోలు, కుంచె పట్టుకుని నెగెటివ్ మీదే రంగు అద్దాడు. రంగు అద్దినచోట అచ్చులో తెల్లగా వస్తుంది కదా, అవే మబ్బులు! పెళ్ళికూతురికి బుగ్గన చుక్క దిద్దినట్టన్నమాట.

ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే ఇంకో ఉపాయం పన్నాడు. 1856, 57ల్లో సముద్రానికో నెగెటివ్, ఆకాశానికో నెగెటివ్ విడివిడిగా తీసి, రెంటినీ దిగంతం దగ్గర అతికించి ఒకే ఫోటోగా అచ్చువేశాడు. జనం ముక్కున వేలేసుకున్నారు. తమాషా ఏమిటంటే, ఒకే ఆకాశాన్ని ఒకటికి మించిన సముద్రాల మీద పరిచాడు. ఉన్న ఒక్క పట్టుచీరా అక్కాచెల్లెళ్ళు మార్చి మార్చి కట్టుకోరూ, అలాగ!

1873లో జర్మనీలో హెర్మన్ ఫోగెల్ పలకలకు రంగుమందు కలిపి, నీలం తప్ప మిగతా రంగులూ చూడటం నేర్పాడు. 1906 నాటికి అన్ని రంగులూ చూడగల పలకలు ఇంగ్లండులో అమ్మకానికి వచ్చాయి. పసుపు గాజు అడ్డుపెడితే నీలం తగ్గి మబ్బులు తేటపడ్డాయి. ఇప్పుడు మా అమ్మాయి సెల్‌ఫోను ఒక్క నొక్కుకే ఎక్కువా తక్కువా వెలుగులతో నాలుగైదు ఫోటోలు తీసి, తనే కలిపేస్తుంది. ఒకరకంగా లె గ్రే చేసిన పనే!

1997లో అమ్మ పోయింది. తన ఫోటోలు మహా ఉంటే నాలుగు. ఆ తంజావూరు నెగెటివ్ పట్టుకుని మా ఊళ్ళో ఒక ముసలి ఫోటోగ్రాఫరు దగ్గరికి వెళ్ళాను. చీకటిగదిలో ఆయన కాగితం మీద వెలుగు పడుతుండగా అమ్మ ముఖం ఉన్నచోట అరచెయ్యి అడ్డుపెట్టి, మెల్లగా ఆడించాడు. వెలుగు తగ్గినచోట కాగితం అంతగా నల్లబడదట. నీడపట్టి ముఖానికి వెలుగు తెచ్చాడు చూడండి!

మందునీళ్ళలో కాగితం తేలుతోంది. ముందు గోపురం వచ్చింది. తర్వాత మబ్బులు. ఆఖరున, మసక మసగ్గా, ముక్కుపుడక... దాని కింద నవ్వు.

ఇంటికి తెచ్చి నాన్నగారి చేతిలో పెట్టాను. చాలాసేపు చూశారు.

"నవ్విందే!" అన్నారు.