పేరు లేని జబ్బుకు పరిహారం ఎట్లా వచ్చింది?

ఒంట్లో జబ్బు ఉంది, కాగితం మీద లేదు. అప్పుడు ఏది నమ్మాలి? అమెరికా మాజీ సైనికులు ముప్పై ఏళ్ళు కొట్లాడింది ఈ ప్రశ్న మీదే.

1990-91లో కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్ మీద యుద్ధానికి అమెరికా దాదాపు 7 లక్షల మందిని పంపింది. నేల మీద పోరు సుమారు 100 గంటల్లో అయిపోయింది. ఇంటికొచ్చాక చాలామందికి తగ్గని నీరసం, కీళ్ళ నొప్పులు, తలనొప్పి, మతిమరుపు మొదలయ్యాయి. పరీక్షలు చేస్తే ఏమీ తేలేది కాదు. పింఛను కావాలంటే మాత్రం జబ్బుకు పేరుండాలి, సర్వీసువల్లే వచ్చిందని రుజువుండాలి. పేరే లేనిదానికి రుజువెక్కడిది?

1994లో అమెరికా పార్లమెంటు చట్టం మార్చింది. డాక్టర్లు తేల్చలేని జబ్బుకు కూడా పరిహారం ఇవ్వొచ్చంది. ఆరు నెలలు బాధ ఉండాలి, బయటివాళ్ళు సరిచూసుకోగల గుర్తులుండాలి. పనికి పోలేని రోజుల లెక్క కూడా అలాంటి గుర్తే.

ఇరాక్‌లోని ఖమీసియా దగ్గర 1991 మార్చిలో సైన్యం పేల్చేసిన రాకెట్లలో సారిన్ విషం ఉందని రక్షణ శాఖ 1996లో గానీ ఒప్పుకోలేదు. ఈ జబ్బు నిజమేనని, సైనికులకిచ్చిన పిరిడోస్టిగ్మిన్ మాత్రలకీ, పురుగుమందులకీ దీంతో సంబంధముందని 2008లో ప్రభుత్వ సలహా కమిటీ చెప్పింది.

చట్టం వచ్చినా పని అయిపోలేదు. 2015లో ఇలాంటి క్లెయిముల్లో ఒప్పుకున్నవి సుమారు 17 శాతమేనని ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2017లో తేల్చింది. పరీక్షించే డాక్టర్లలో ఎక్కువమంది దీని మీద శిక్షణే తీసుకోలేదు. పదే పదే పొడిగిస్తూ వచ్చిన గడువును 2022 చట్టం పూర్తిగా ఎత్తేసింది.

మనకెందుకిదంతా అంటారా? పోడు భూమి క్లెయిముల్లోనూ ఇదే ప్రశ్న. తాతల నుంచి దున్నుతున్నాం, కాగితం లేదు. అటవీ హక్కుల నియమాల్లో 13వ నియమం ఊరి పెద్దల వాంగ్మూలాన్ని రాతపూర్వకంగా పెడితే సాక్ష్యంగా తీసుకుంటది. ఈ సంగతి తెలియక ఒట్టి చేతులతో తిరిగొచ్చినవాళ్ళు ఉంటారు. కాగితం లేనివాళ్ళ కోసం చట్టంలో దారి పెట్టించడం సగం పోరాటం. ఆ దారిని ఆఫీసులో అమలు చేయించడం మిగతా సగం. చదువుకున్న మనం నిలబడాల్సింది ఆ రెండో సగంలో.