మంచినీళ్ళు, బడి, వీసా: బహ్రెయిన్ అమ్మల కథ

బహ్రెయిన్ చరిత్ర మీద ఏ పుస్తకం తిరగేసినా మూడు విషయాలు ఖాయంగా ఉంటాయి. నాలుగు వేల ఏళ్ళ కిందటి దిల్మున్ నాగరికత, ముత్యాల వ్యాపారం, 1932లో జబల్ దుఖాన్ దగ్గర పడిన నూనె బావి. వాటి మధ్యలో షేకులు, బ్రిటిష్ ఏజెంట్లు, పడవల యజమానులు వస్తూ పోతూ ఉంటారు. ఇళ్ళల్లో పిల్లల్ని పెంచిన ఆడవాళ్ళు మాత్రం ఏదో ఒక పేరాలో కనబడి మాయమైపోతారు.

నేను ఇక్కడ ఉద్యోగం చేసుకుంటూ ఇద్దరు ఆడపిల్లల్ని పెంచుతున్నాను. ఐదున్నరకి లేపడం, జడలు వెయ్యడం, డబ్బాలు సర్దడం, బస్సెక్కించడం, సాయంత్రం హోంవర్కులు, మధ్యలో ఒకదానికి జ్వరం, అది తగ్గేలోపు రెండోదానికి. చెప్పుకోవడానికి ఏమీ లేని రోజులు. కానీ ఆ రోజుల్లో ఉన్న ఒక్కొక్కటీ, అంటే కుళాయి నీళ్ళు, బడి బస్సు, పిల్లల వీసా, ఈ దీవికి ఎప్పుడు ఎలా వచ్చాయా అని వెతుక్కుంటూ పోతే, పైన చెప్పిన మూడు విషయాల చరిత్ర కాకుండా ఇంకో చరిత్ర కనబడింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నీళ్ళ సంగతి.

ఈ దీవి పేరుకి అర్థం 'రెండు సముద్రాలు'. అందులో ఒకటి ఉప్పు సముద్రం, రెండోది భూమి కింద ఉన్న మంచినీటి సముద్రం అని కొందరు చెప్తారు. ఒకప్పుడు సముద్రం అడుగున కూడా మంచినీటి ఊటలు ఉండేవి. మనుషులు మునిగి, ఆ ఊట దగ్గర తోలు సంచీలు నింపుకుని పైకి వచ్చేవాళ్ళు. నేల మీద అధారీ లాంటి పెద్ద ఊటలు ఉండేవి. ఆడవాళ్ళు అక్కడ బట్టలు ఉతుక్కునేవాళ్ళు, పిల్లలు ఈతలు కొట్టేవాళ్ళు. మనామా ఊళ్ళోకి మాత్రం నీళ్ళు గాడిదల మీద వచ్చేవి. రిఫా దగ్గర హునైనియా బావి నీళ్ళు అన్నిటికంటే మంచివని పేరు. డబ్బున్నవాళ్ళు అవి తెప్పించుకునేవాళ్ళు, లేనివాళ్ళు దొరికినవి తాగేవాళ్ళు. ఎవరు తాగినా అవి తోలు సంచుల్లోంచి, కుండల్లోంచి, నలుగురి చేతుల మీదుగా వచ్చిన నీళ్ళే.

ఆ నీళ్ళు తాగిన ఇళ్ళల్లో ఒకటి ఎమీ జ్వెమర్‌ది. ఆవిడ నర్సు. ఆస్ట్రేలియా నుంచి ఒక మిషనరీ సంఘం తరఫున బాగ్దాద్ వచ్చింది. అక్కడ శామ్యూల్ జ్వెమర్ అనే అమెరికన్ మిషనరీ పరిచయమయ్యాడు. 1896లో పెళ్ళి చేసుకున్నారు. కాలపరిమితి పూర్తి కాకుండా పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతే ఆవిడ ప్రయాణపు ఖర్చులో కొంత తిరిగి కట్టాలని సంఘం నియమం. పెళ్ళికొడుకు ఆ డబ్బు కట్టాడు. భార్యని తూర్పుదేశపు పద్ధతిలో కొనుక్కున్నానని ఆయన జోకు వేసేవాడట. మన గోదావరి జిల్లాల్లో కన్యాశుల్కం మీద గొడవ నడుస్తున్న కాలమే అది. అక్కడ ఒక అమెరికన్ పాదరీ కన్యాశుల్కం కట్టి పెళ్ళి చేసుకున్నాడన్నమాట!

వాళ్ళు వచ్చింది మతం మార్చడానికి. ఆ పనిలో వాళ్ళకి దొరికింది చాలా తక్కువ. కానీ ఆడవాళ్ళకి మందులివ్వడం, ఆడపిల్లలకి చదువు చెప్పడం ఎమీ ఇంట్లోనే మొదలయ్యాయి. 1903 జనవరిలో మిషన్ ఆసుపత్రి తెరిచారు. ఇప్పటికీ మనామాలో అమెరికన్ మిషన్ హాస్పిటల్ అంటే తెలియనివాళ్ళు ఉండరు. మన తెలుగువాళ్ళ పిల్లలు ఎంతమంది అక్కడ పుట్టారో!

ఆసుపత్రి తెరిచి ఏడాదిన్నర అయింది. 1904 జులై. ఇక్కడి జులై ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎండ ఒక ఎత్తు, ఉక్క ఒక ఎత్తు. అప్పటికి కరెంటు లేదు, ఐసు లేదు. రాత్రి డాబాల మీద పడుకునేవాళ్ళు. పేదవాళ్ళు బరస్తీలు అనే ఈతాకుల పాకల్లో ఉండేవాళ్ళు. ఆ నెలలో జ్వెమర్ దంపతుల కూతుళ్ళిద్దరికీ జిగట విరేచనాలు పట్టుకున్నాయి. పెద్దపిల్ల కాథరీనాకి ఏడేళ్ళు, రూత్‌కి నాలుగేళ్ళు. ఎనిమిది రోజుల తేడాలో ఇద్దరూ పోయారు.

తల్లి నర్సు. ఆసుపత్రి సొంతవాళ్ళది. డాక్టర్లు పక్కనే ఉన్నారు. అయినా కాపాడుకోలేకపోయారు, ఎందుకంటే అప్పటికి ప్రపంచంలో ఎవరి దగ్గరా దీనికి సరైన మందు లేదు. సల్ఫా మందులు 1930లలో వచ్చాయి. ఒంట్లో నీరు తగ్గకుండా ఉప్పు, చక్కెర సరైన పాళ్ళలో కలిపి తాగించడం 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలానబిస్ చేసి చూపించాక గానీ లోకానికి నమ్మకం కుదరలేదు. ఓఆర్ఎస్ అన్ని రకాల విరేచనాలనూ నయం చెయ్యదు నిజమే. కానీ పిల్ల శోషించి పోకుండా మందు పని చేసేదాకా నిలబెడుతుంది. ఆ పొట్లం మా వంటింటి అలమరలో పసుపు డబ్బా పక్కనే ఉంటుంది. మా ఇద్దరికీ ఎన్నిసార్లు కలిపి తాగించానో లెక్కలేదు. కాథరీనా, రూత్‌ల వయసులు మా పిల్లలు దాటేసి చాలా రోజులైంది. అది దాటడం ఒక విశేషమని నాకు తట్టనే లేదు. తట్టకపోవడమే ఆ పొట్లం చేసిన మేలు.

ఎమీ ఆ పని వదిలిపెట్టలేదు. మిగిలిన పిల్లల్ని పెంచింది, అరబ్బు ఆడవాళ్ళ మధ్య పని చేసింది. వాళ్ళ గురించి పిల్లల పుస్తకాలు కూడా మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి రాశారు.

జ్వెమర్ల కథ రాతలో ఉంది కాబట్టి మనకి తెలిసింది. అదే జులైలో ఆ ఊరి అరబ్బు తల్లుల సంగతేమిటి? వేసవిలో దాదాపు నాలుగు నెలలు ముత్యాల సీజను. మొగవాళ్ళంతా సముద్రం మీద ఉంటారు. జబ్బులు ఎక్కువగా వచ్చే కాలంలోనే ఊరంతా ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. ఈతగాడు బయల్దేరే ముందు పడవ యజమాని దగ్గర తీసుకున్న అడ్వాన్సుతోనే ఇల్లు గడవాలి. సీజను బాగుంటే అప్పు తీరుతుంది, లేకపోతే పెరుగుతుంది. తండ్రి పోతే అప్పు కొడుకుల నెత్తి మీద పడేది. 1920లలో సంస్కరణలు వచ్చేదాకా ఇదే పద్ధతి. ముహర్రక్‌లో ఆ ముత్యాల వ్యాపారుల ఇళ్ళని, గిడ్డంగుల్ని 2012లో యునెస్కో వారసత్వ సంపదగా గుర్తించింది. వెళ్ళి చూశాం, చాలా బాగా పెట్టారు. కానీ ఆ నాలుగు నెలలు అప్పు డబ్బుతో పిల్లల కడుపు నింపిన తల్లి వంటపాక ఎక్కడా నిలిచి లేదు. ఈతాకులకి అంత ఆయుష్షు ఉండదు కదా.

కాన్పుల సంగతి ఇంకా భయంకరం. పురుడయ్యాక లోపల రాతి ఉప్పు పెట్టే ఆచారం ఉండేది. దానివల్ల దారి బిగుసుకుపోయి తర్వాతి కాన్పు ప్రాణం మీదకి వచ్చేది. గల్ఫ్‌లో పని చేసిన మిషన్ డాక్టర్లు దీని గురించి పదే పదే రాశారు. మగ డాక్టరు దగ్గరికి ఆడవాళ్ళు రారు. అందుకని లేడీ డాక్టర్లు, నర్సులు రావాల్సి వచ్చింది. 1921లో వచ్చిన కొర్నీలియా డాలెన్‌బర్గ్ అనే నర్సుని ఇక్కడివాళ్ళు 'షరీఫా' అని పిలుచుకున్నారు.

ఇక బడి.

1919లో ముహర్రక్‌లో మొగపిల్లల కోసం అల్ హిదాయా బడి మొదలైంది. ఆడపిల్లలకి బడి 1928లో, అదీ ముహర్రక్‌లోనే. గల్ఫ్ తీరంలో ప్రభుత్వం తరఫున ఆడపిల్లలకి పెట్టిన మొదటి బడి అదే. అప్పటి బ్రిటిష్ సలహాదారు చార్లెస్ బెల్‌గ్రేవ్ భార్య మార్జొరీ ఈ పని నెత్తిన వేసుకుంది. అన్నట్టు, ఈ బెల్‌గ్రేవ్ 1925లో లండన్ టైమ్స్ పత్రికలో ప్రకటన చూసి అప్లికేషన్ పెట్టి ఉద్యోగం సంపాదించిన మనిషి. మనం నౌకరీ డాట్ కామ్‌లో చూసి గల్ఫ్‌కి వచ్చినట్టే!

ఆడపిల్లలకి రాయడం వస్తే మొగపిల్లలకి ఉత్తరాలు రాస్తారని భయపడినవాళ్ళు మన దగ్గరా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టింది 1874లో. గోదావరి కంటే బహ్రెయిన్ యాభై ఏళ్ళ పైచిలుకు ఆలస్యం. కానీ మొదలుపెట్టాక ఆగలేదు. 1955లో గల్ఫ్‌లోనే మొదటి మహిళా సంఘం ఇక్కడ పుట్టింది. 2006లో లతీఫా అల్ గవూద్ పార్లమెంటుకి ఎన్నికైంది. అదే ఏడాది షేఖా హయా రషీద్ అల్ ఖలీఫా ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీకి అధ్యక్షురాలైంది. ముహర్రక్ బడి తలుపు తీసిన 78 ఏళ్ళకి!

మన పిల్లల బడి కథ వేరు. సింధీ, గుజరాతీ వర్తకులు ఇక్కడ రెండు వందల ఏళ్ళుగా ఉన్నారు. మనామా బజారులో శ్రీనాథ్‌జీ గుడి వాళ్ళదే. ముత్యాలు బొంబాయి వెళ్ళేవి, బియ్యం, బట్టలు బొంబాయి నుంచి వచ్చేవి. 1965లో దినారు వచ్చేదాకా ఇక్కడ చెలామణి అయింది రూపాయే. ఇంత సంబంధం ఉన్నా ఆ పాత వర్తకుల్లో చాలామంది భార్యాపిల్లల్ని ఊళ్ళోనే ఉంచి ఒంటరిగా ఇక్కడ గడిపేవాళ్ళు. కుటుంబాలు రావడం మొదలయ్యాకే బడి అవసరమైంది. ఇండియన్ స్కూల్ 1950లో మొదలైంది. ఆ బడి వల్లే మాలాంటివాళ్ళకి 'పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలి' అన్న ప్రశ్న లేకుండా పోయింది.

అందరికీ పోయిందా అంటే, లేదు. మూడో సంగతి వీసా.

మా బిల్డింగులో ఒక ఇంట్లో పని చేసే రాజంపేట వైపు అక్క ఒకావిడ ఉంది. ఆవిడకీ ఇద్దరు ఆడపిల్లలే. ఊళ్ళో వాళ్ళ అమ్మమ్మ దగ్గర ఉంటారు. లిఫ్టు దగ్గర కనబడితే పిల్లల కబుర్లే. "పెద్దదానికి ఇంటరు సీటొచ్చింది మేడమ్. చిన్నది ఫోన్ జేస్తే మాట్లాడదు. నేనెవురో కొత్త మనిషి అన్నట్టు జూస్తాది" అంది ఒకసారి. ఆవిడ ఇక్కడ పెంచుతున్నది వేరేవాళ్ళ ఇద్దరు పిల్లల్ని. వాళ్ళకి తెలుగులో లాలిపాటలు వచ్చు.

కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి ఇలా వచ్చిన తల్లులు గల్ఫ్ అంతటా ఉన్నారు. ఇక్కడ ఫామిలీ వీసా కావాలంటే జీతం ఒక గీత దాటాలి. ఇంటిపని జీతాలు ఆ గీతకి ఎంతో కింద ఉంటాయి. ఇంకోవైపు మన ప్రభుత్వం నిబంధన ఒకటుంది. పదో తరగతి పాసవ్వనివాళ్ళకి మామూలుగా ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు. అంటే గల్ఫ్‌లో పనికి వెళ్ళాలంటే ముందు ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాలి. ఆ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్ళకి ముప్ఫయ్యేళ్ళు నిండితేనే ఇంటిపనికి అనుమతి. చిన్న వయసు ఆడపిల్లలు మోసపోకూడదని పెట్టిన నియమం, ఉద్దేశం మంచిదే. కానీ మన ఊళ్ళల్లో చదువు ఆగిపోయిన ఆడపిల్లకి ముప్ఫయ్యేళ్ళు వచ్చేసరికి ఎలా ఉంటుంది? పెళ్ళై పదేళ్ళు దాటి ఉంటుంది, పిల్లలు బళ్ళో చదువుతుంటారు. అంటే సరిగ్గా పిల్లలకి అమ్మ కావలసిన వయసులోనే ఆ అమ్మకి విమానం ఎక్కడానికి అనుమతి దొరుకుతుంది.

ముత్యాల కాలంలో తండ్రి నాలుగు నెలలు సముద్రం మీదకి వెళ్తే తల్లి పిల్లల దగ్గర ఉండేది. సింధీ వర్తకుడు ఏళ్ళ తరబడి ఇక్కడుంటే తల్లి ఊళ్ళో పిల్లల దగ్గర ఉండేది. ఇప్పుడు తల్లే సముద్రం దాటి వస్తోంది, రెండేళ్ళకోసారి సెలవు మీద వెళ్తోంది. అడ్వాన్సుకీ ఏజెంటు అప్పుకీ పెద్ద తేడా లేదు. 1904లో ఈ ఊళ్ళో ఎమీకి నీళ్ళు, మందు అడ్డం వచ్చాయి. ఇప్పుడు రెండూ ఉన్నాయి, బడి కూడా ఉంది. పిల్లల్ని పక్కన ఉంచుకునే హక్కు మాత్రం జీతం స్లిప్పు మీద ఆధారపడి ఉంది. నా దినచర్యకీ ఆ అక్క దినచర్యకీ ఉన్న తేడా ప్రేమలో లేదు, ఓపికలో లేదు. మా అమ్మానాన్నా నన్ను పదో తరగతిలో మానిపించలేదు. అంతే తేడా.

ఆ అక్క చిన్నకూతురు ఇప్పుడు పదో తరగతి చదువుతోంది. పరీక్షలు మార్చిలో. పాసయితే ఆ పిల్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉండదు.