ఎర్ర గీత లోపలి ఇల్లు
(అప్పుల చరిత్ర – 6)

పోయిన భాగం చదివి అమెరికాలో ఉంటున్న తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, క్రెడిట్ కార్డుల మీద 22 శాతం వడ్డీ కడుతున్నా. ఇంటి మీద లోన్ తీస్తే 8 శాతమే. అది తెచ్చి కార్డులు కట్టేస్తే తప్పేంటి?"

లెక్కలో తప్పు లేదు తమ్ముడూ. కానీ ఇదే లెక్క నువ్వున్న దేశంలో నల్లవాళ్ల గుమ్మం ముందుకి ఎలా వచ్చిందో చూడు.

1930ల్లో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ నగరాల మ్యాపులకు రంగులేసింది. నల్లవాళ్ల వాడలకు ఎరుపు. ఎరుపంటే అక్కడ అప్పివ్వడం ప్రమాదమని. 1934లో వచ్చిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ తెల్లవాళ్ల శివారు ఇళ్ల అప్పులకు హామీగా నిలబడి, వీళ్లకు మొండిచెయ్యి చూపింది. వెలివాడను ఊరికి ఏ దిక్కున పెడతారో మనకొకరు చెప్పక్కర్లేదు. అక్కడ ఆ పని బ్యాంకు కాగితం మీద జరిగింది. లోన్లు పుట్టక చికాగోలో ఎంతోమంది వాయిదాల ఒప్పందాల మీద ఇళ్లు కొన్నారు. ఒక్క వాయిదా తప్పినా ఇల్లూ పోయేది, కట్టిన డబ్బూ పోయేది. 1968లో ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చేసరికి ఒక తరం గడిచిపోయింది. ఇన్ని దాటి ఇల్లు నిలబెట్టుకున్నవాళ్లలో చాలామందికి ఆస్తంటే అదొక్కటే.

ఇక కార్డు సంగతి. బ్యాంకు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు వడ్డీ రేటునే ఎక్కడి ఖాతాదారుడి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చని 1978లో సుప్రీంకోర్టు మార్క్వెట్ కేసులో తేల్చింది. సిటీబ్యాంక్ తన కార్డు వ్యాపారాన్ని సౌత్ డకోటాకు తరలించుకుంది. వడ్డీకి పగ్గం తెగింది. 1986 పన్ను చట్టం కార్డు వడ్డీకున్న పన్ను మినహాయింపును తీసేసి, ఇంటి అప్పు వడ్డీకి మాత్రం ఉంచింది. అంటే జనాన్ని కార్డు అప్పు నుంచి ఇంటి తాకట్టు వైపు నెట్టింది ప్రభుత్వమే.

అప్పుడు మొదలైంది అసలు వేట. ఒకప్పుడు ఎర్ర గీత దాటి లోపలికి రాని అప్పు, 1990ల్లో తలుపు తట్టి మరీ వచ్చింది. "మీ అప్పులన్నీ ఒకటి చేసేస్తాం, ఒకటే కంతు" అన్నారు. ఫీజులు అసల్లో కలిపారు. రెండేళ్లకు మళ్లీ రిఫైనాన్స్, మళ్లీ ఫీజులు. ఖాళీ అయిన కార్డు ఈలోగా మళ్లీ నిండేది. నల్లవాళ్ల వాడల్లో ఈ ఖరీదైన సబ్‌ప్రైమ్ లోన్లు తెల్లవాళ్ల వాడల కంటే ఐదు రెట్లు ఎక్కువని 2000లో అమెరికా గృహనిర్మాణ శాఖే లెక్క తేల్చింది. బాగా సంపాదించే నల్లవాళ్ల వాడల్లో కూడా, పేద తెల్లవాళ్ల వాడల కంటే రెట్టింపు. పేదరికం వల్లే అనేవాళ్లు ఈ ఒక్క లెక్కకి జవాబు చెప్పాలి. 2008 తర్వాత ఇళ్లు జప్తయ్యాయి. నల్లజాతి, హిస్పానిక్ జనాల దగ్గర ఎక్కువ గుంజారన్న కేసులో కంట్రీవైడ్ సంస్థ 2011లో 33.5 కోట్ల డాలర్లకు రాజీకొచ్చింది. పోయిన ఇళ్లు మాత్రం పోయినట్టే.

కార్డు అప్పు కట్టలేకపోతే స్కోరు చెడుతుంది, కోర్టు నోటీసొస్తుంది, దివాలాలో కొట్టేయించుకునే దారైనా ఉంటుంది. దాన్ని ఇంటి మీదికి ఎక్కిస్తే, అప్పులవాడి చేతికి ఇంటి తాళం ఇచ్చినట్టే. మన దగ్గర అసైన్డ్ భూమిని ప్రైవేటు వడ్డీవ్యాపారికి తాకట్టు పెట్టకూడదని 1977లో చట్టం చేసింది ఊరికే కాదు.

తమ్ముడూ, నీది వీసా మీద ఉద్యోగం. ఉద్యోగం పోతే ఎన్ని నెలలు కంతు కట్టగలవు? కార్డు వాడకం ఆగిందా? ఫీజులన్నీ కలిపితే 8 శాతం ఎంతవుతుంది? ఈ మూడూ రాసి పంపు, అప్పుడు లెక్క వేద్దాం.