రేకుమూత నుంచి గొలుసుబుట్ట దాకా

మంజీర ఒడ్డున పెరిగిన మనకు విసరడం, గురిచూడడం ఎవరూ నేర్పలేదు. చదునైన పెంకు నీటి మీద ఎగిరెగిరి పోయేలా వేశాం. గోటీని గుంతలోకి కొట్టాం. చిర్ర ఎంత దూరం పడిందో గోనెతో కొలిచాం. ఈ రెండు విద్యలూ కలిసిన ఆట ఒకటి ఇప్పుడు అమెరికా కళాశాలల ఆవరణల్లో కనిపిస్తోంది. దాని పేరు డిస్క్ గోల్ఫ్. పూర్వ విద్యార్థులమైన మనకు పనికొచ్చే సంగతి ఒకటి దాని చరిత్రలో ఉంది.

ఈ ఆట తొలి ఆనవాలు ఒక బడిలోనే దొరుకుతుంది. 1926లో కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో, బ్లాడ్‌వర్త్ అనే ఊళ్ళో రొనాల్డ్ గిబ్సన్, అతని స్నేహితులు బడి ఆవరణలోని ఇసుకలో నాలుగడుగుల వెడల్పున వలయాలు గీసి, డబ్బాల రేకుమూతలు వాటిలోకి విసిరేవారు. దానికి రేకుమూతల గోల్ఫ్ అని పేరు పెట్టుకున్నారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళై తలో దారి పట్టారు. వాళ్ళతోపాటే ఆటా పోయింది.

తర్వాత మూత మారింది. రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధవిమానం నడిపిన ఫ్రెడ్ మోరిసన్, గాలి నడక తెలిసినవాడు కనుక, ఎగిరే ప్లాస్టిక్ పళ్ళేన్ని తయారుచేశాడు. 1957లో వామ్-ఓ కంపెనీ దాన్ని అమ్మకానికి పెట్టింది. అదే మనం ఫ్రిస్బీ అనేది. అదే కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ దాని పైభాగాన గీతలు చేర్చి, నిలకడగా ఎగిరేలా చేసి, 1967లో పేటెంటు పొందాడు.

1975లో హెడ్రిక్ కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో తొలి శాశ్వత మైదానం ఏర్పాటు చేశాడు. 2025తో ఆ మైదానానికీ యాభై ఏళ్ళు నిండాయి. మొదట్లో అక్కడ గురి ఉత్త కంబమే. డిస్క్ కంబానికి తగిలిందా లేదా అని తగాదాలు వచ్చేవి. అందుకే కంబం చుట్టూ గొలుసులు వేలాడదీసి, కింద బుట్ట బిగించాడు. ఇంజనీరుగా నాకు ఇది ముచ్చటైన పని అనిపిస్తుంది. గొలుసులు కదిలి డిస్క్ వేగాన్ని మింగేస్తాయి, డిస్క్ బుట్టలో పడుతుంది. తీర్పు చెప్పే మనిషితో పనిలేదు.

దక్షిణ కరోలినాలోని విన్‌త్రాప్ విశ్వవిద్యాలయ ఆవరణలో 1999 నుంచి అమెరికా జాతీయ పోటీలు జరుగుతున్నాయి. అది ఆరితేరినవాళ్ళ సంగతి. మా అమ్మాయి చదివిన కళాశాలలో నేను ఆడింది కొత్తవాళ్ళ కోసం వేసిన మైదానం. తొమ్మిది బుట్టలు, ఒక్కోటి రెండు మూడు వందల అడుగుల దూరం, చెట్లు తక్కువ. డిస్క్ పడిన చోటు నుంచే మళ్ళీ విసరాలి. తక్కువ విసుర్లలో ముగించినవాళ్ళు గెలిచినట్టు. కుడిచేతి వాటంవాళ్ళు మామూలుగా విసిరితే చివర్లో ఎడమకు వంగుతుంది, కాబట్టి గురి కాస్త కుడికి పెట్టాలి. టికెట్టు లేదు, జట్టు లేదు. మోకాళ్ళ నొప్పి ఉన్న నేనూ, ఇరవై ఏళ్ళ పిల్లలూ ఒకే వరుసలో ఆడాం.

మన బడిలో కబడ్డీకి, వాలీబాల్‌కి జట్లు ఎంచుకునేటప్పుడు చివరికి మిగిలిపోయే పిల్లలు ఎప్పుడూ ఉండేవారు. వాళ్ళు గోడపక్కన నిలబడి పుస్తకాల సంచులు కాసేవారు. ఆడపిల్లల్లో చాలామంది అదీ లేక తరగతి గదిలోనే కూర్చునేవారు. ఇలాంటి ఆటలో ఎవరినీ ఎంచుకోవలసిన పని ఉండదు.

బ్లాడ్‌వర్త్ పిల్లల ఆట ఇసుకలో గీత. హెడ్రిక్ ఆట నేలలో పాతిన కంబం. మొదటిది ఒక తరంతో పోయింది, రెండోది ఖండాలు దాటింది. మన చిర్రగోనె కూడా గీతలాగే చెరిగిపోతోంది. ఏ బ్యాచ్ అయినా పదో తరగతితో వెళ్ళిపోతుంది. పాతిపెట్టినదే తర్వాతివాళ్ళకు మిగులుతుంది.

అందుకే సంఘం పెద్దలకు నా మనవి. ఈ స్వర్ణోత్సవం గుర్తుగా, ఉన్న కోర్టులను కదిలించకుండా, మైదానం అంచున తొమ్మిది ఇనుప పైపులు పాతిద్దాం. గొలుసులు, బుట్టలు వెల్డింగు షాపులో చేయించవచ్చు. ముందున్నవాళ్ళు పక్కకు జరిగాకే విసరాలన్న నియమం బోర్డు మీద రాయిద్దాం. ఆ పక్కనే గోటీల గుంతకూ, చిర్రగోనెకూ కొంత జాగా వదులుదాం. కొలతలు, గీతలు వేసిచ్చే పని నాది.