లోయలో ఆయన, గట్టు మీద ఆమె

మా పక్కింటి అక్క వాళ్లబ్బాయి జర్మనీలో ఉద్యోగం చేస్తాడు. మొన్న వేసవిలో వాడి దగ్గరికి వెళ్లి, అటునుంచి స్విట్జర్లాండ్ కూడా చూసొచ్చింది. అందరిలాగే చాక్లెట్లు తెచ్చింది, టిట్లిస్ మంచుకొండ మీద దిగిన ఫోటోలు చూపించింది. వాటి మధ్యలో ఒక పాత చెక్క ఇల్లు ఫోటో కనిపించింది.

"ఇదెవరి ఇల్లక్కా?" అన్నాను.

"ఒక సంసారి ఇల్లు. పదిమంది పిల్లలు. ఇప్పుడాయన ఆ దేశానికే పాలక పునీతుడు" అంది.

అక్క వాళ్లు కతోలికులు. పాలక పునీతుడంటే ఒక ఊరినో, గుడినో, దేశాన్నో కాపాడతాడని వాళ్లు నమ్మే మహాత్ముడు. ఒక గుడి పరిధిలో ఉండే సంఘాన్ని వాళ్లు "విచారణ" అంటారు. తెలుగు చదువుకున్నదాన్ని కదా, ఆ మాట నాకు భలే నచ్చింది. మా అమ్మమ్మ కూడా "వాళ్లని కాస్త విచారించి రావే" అనేది, బాగోగులు కనుక్కుని రమ్మని.

పదిమంది పిల్లల తండ్రి పునీతుడెలా అయ్యాడో తెలుసుకోవాలనిపించింది. పనులయ్యాక మధ్యాహ్నాలు కూర్చుని దొరికినంతా చదివాను. చదివినకొద్దీ నా మనసు ఆయన్ని వదిలి ఆయన భార్య దగ్గరికి పోయింది.

ఆయన పేరు నికొలస్. అక్కడివాళ్లు ప్రేమగా "బ్రూడర్ క్లౌస్" అంటారు, అంటే క్లౌస్ సోదరుడని. 1417లో ఓబ్వాల్డెన్ ప్రాంతంలో, సాక్సెల్న్ ఊరికి పైనున్న ఫ్లూయెలి అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టాడు. పొలం, పశువులు ఉన్నవాడు. యుద్ధాలకు వెళ్లాడు, ఊరి సభలో సభ్యుడిగా, న్యాయం చెప్పే పెద్దగా ఉన్నాడు. చదవడం రాయడం మాత్రం రాదు. దాదాపు ముప్పై ఏళ్ల వయసులో డొరొతియాను పెళ్లి చేసుకున్నాడు. ఆమె అప్పటికి ఇంకా చిన్నపిల్ల. ఐదుగురు కొడుకులు, ఐదుగురు కూతుళ్లు పుట్టారు.

1467 అక్టోబరు 16న ఆయన ఇల్లు వదిలాడు. దేవుడి కోసం ఒంటరిగా బతకాలని ఏళ్ల తరబడి లోపల కోరిక. పెద్దకొడుక్కి ఇరవై ఏళ్లు, చివరివాడు మూడు నెలల పసికందు. దూరదేశం పోదామని బయలుదేరి, దారిలోనే మనసు మారి వెనక్కి వచ్చేశాడు. ఇంటికి మాత్రం రాలేదు. ఇంటి కింద, మెల్కా అనే ఏరు పారే లోయలో, రాన్ఫ్ట్ అనే చోట ఉండిపోయాడు. ఊరివాళ్లు అక్కడే చిన్న గుడి, దాన్ని ఆనుకుని ఒక గది కట్టిచ్చారు. తన ఇంటి నుంచి ఆ గదికి పావుగంట కూడా పట్టదట. చనిపోయేదాకా, దాదాపు ఇరవై ఏళ్లు, అక్కడే.

ఆ పావుగంట దగ్గరే నేను ఆగిపోయాను. మన సిద్ధార్థుడు రాత్రికి రాత్రి వెళ్లిపోయాడు. యశోధర చూపుకి అందనంత దూరం. డొరొతియాకి ఆ సుఖం కూడా లేదు. గడ్డి కోసుకునే గట్టు మీద నిలబడితే మొగుడుండే లోయ కిందే.

భార్యాపిల్లలు ఒప్పుకున్నాకే వెళ్లాడనీ, ఆ ఒప్పుకోలునే దేవుడిచ్చిన గొప్ప వరాల్లో ఒకటిగా చెప్పుకునేవాడనీ అంటారు. ఒప్పుకునే ఉంటుంది. మూడు నెలల బిడ్డని ఒళ్లో పెట్టుకున్న ఆడది ఎలా ఒప్పుకుందో మనం ఊహించుకోవచ్చు.

ఆ లోయలో ఆయన సత్ప్రసాదం తప్ప ఏమీ తినకుండా బతికాడని భక్తుల నమ్మకం. నిజమో కాదో తేల్చడానికి అధికారులు కాపలా కూడా పెట్టారట. పైన ఇంట్లో పదిమందికి రోజూ వండిపెట్టిన మనిషికి మాత్రం ఎవరూ కాపలా ఉండి రాసిపెట్టలేదు.

1474లో జర్మనీ నుంచి హాన్స్ ఫోన్ వాల్ట్‌హైమ్ అనే యాత్రికుడు క్లౌస్‌ను చూడటానికి వచ్చాడు. అక్కడ డొరొతియానీ, ఆమె చివరి కొడుకునీ కూడా కలిశాడు. మీ ఆయన మిమ్మల్ని వదిలి ఎన్నాళ్లయిందమ్మా అని అడిగాడు. ఆమె సంవత్సరం చెప్పలేదు. పక్కనున్న పిల్లాణ్ణి చూపించి, వీడు ఇన్ని వారాల పసివాడప్పుడు వెళ్లారు, వీడికిప్పుడు ఏడో ఏడు అన్నట్టుగా జవాబిచ్చింది. ఆయన తన యాత్రా వివరాల్లో అది రాసుకోబట్టి ఆమె మాట ఈనాటికి మనదాకా వచ్చింది.

ఇక ఆ దేశం సంగతి. అప్పట్లో స్విట్జర్లాండ్ అంటే ఎనిమిది చిన్న రాజ్యాల పొత్తు. వాటిలో జూరిక్, బెర్న్, లూసెర్న్ పట్నాలవి, మిగతా ఐదూ పల్లెలవి. అందరూ కలిసి బర్గండీ ప్రభువు చార్లెస్‌ను ఓడించారు. 1477లో అతను యుద్ధంలోనే చచ్చిపోయాడు. శత్రువు పోయాక అన్నదమ్ముల తగువు మొదలైంది. కొల్లసొమ్ము ఎలా పంచుకోవాలి? ఫ్రీబర్గ్, సోలొతుర్న్ పట్నాలను పొత్తులో చేర్చుకోవాలా? చేర్చుకుంటే పట్నాల బలం పెరిగిపోతుందని పల్లెలవాళ్ల భయం. 1481 డిసెంబరులో స్టాన్స్ ఊళ్లో సభ పెట్టారు. అదీ చెడింది. ఇక కత్తులే అనుకుని ఎవరిళ్లకు వాళ్లు బయలుదేరుతున్నారు.

ఆ రాత్రి స్టాన్స్ విచారణ గురువు హైమో అమ్‌గ్రుండ్ చలిలో, చీకట్లో రాన్ఫ్ట్ లోయకు పోయి, క్లౌస్ చెప్పిన మాట పట్టుకుని తెల్లారేసరికి తిరిగొచ్చాడు. బసల వెంట తిరిగి కన్నీళ్లతో అందర్నీ మళ్లీ కూర్చోబెట్టాడని పాత చరిత్రలో రాశారు. డిసెంబరు 22న ఒప్పందం కుదిరింది. క్లౌస్ సరిగ్గా ఏం చెప్పి పంపాడో ఎవరూ రాసిపెట్టలేదు. కుదిరిన షరతులు మాత్రం ఉన్నాయి. గెలిచిన భూమి రాజ్యాలన్నిటికీ సమానంగా, కొల్లసొమ్ము ఎవరెంతమంది సైనికుల్ని పంపారో ఆ లెక్కన. ఒకరి మీద ఒకరు దండెత్తకూడదు. ఆ రెండు పట్నాలూ పొత్తులో చేరాయి. ఉమ్మడి కుటుంబంలో ఆస్తి పంపకం చూసినవాళ్లెవరికైనా దీని విలువ తెలుస్తుంది. ఆ ఒప్పందం 1798 దాకా నిలబడింది.

తిక్కనగారి ఉద్యోగపర్వం చదువుకున్నవాళ్లం. సాక్షాత్తూ కృష్ణుడు వెళ్లి అడిగినా రాయబారం ఫలించలేదు. ఇక్కడ అక్షరం రాని రైతు, గది కదలకుండా పంపిన మాట ఫలించింది.

1467 నుంచి 1481కి ఎన్నేళ్లో లెక్కేశాను. పద్నాలుగు! ఈ లెక్క మనకి కొత్తది కాదు. అడవికి వెళ్లినవాళ్ల కథ వాల్మీకి చెప్పాడు, ఇంట్లో మిగిలిన ఊర్మిళ కథ చెప్పుకోవడానికి మన ఆడవాళ్లు "ఊర్మిళాదేవి నిద్ర" పాడుకున్నారు. డొరొతియాకి నిద్రపోయే వీలు కూడా లేదు. పొలం, పశువులు, పిల్లలు. పెద్దకొడుకు హాన్స్ తర్వాత ఆ ప్రాంతానికే అధిపతి అయ్యాడు. ఆ పసికందు చదువుకుని సాక్సెల్న్‌లోనే గురువయ్యాడు.

క్లౌస్ 1487 మార్చి 21న పోయాడు. 1947లో పోపు ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. సాక్సెల్న్ గుడి పాతకాలం నుంచీ పునీత థియోడుల్ పేరు మీద ఉన్నా, జనం వెళ్లేది క్లౌస్ సమాధి కోసం. ఆయన అంగీ కూడా అక్కడే భద్రపరిచారు. ఏటా సెప్టెంబరు 25న పండగ. క్రిస్మస్ ముందు యువతీయువకులు రాత్రిపూట రాన్ఫ్ట్ లోయకు నడిచి వెళతారు. 2017లో, ఆయన పుట్టి 600 ఏళ్లయిన సందర్భంగా, ఒకప్పుడు మతం పేరుతో కొట్టుకున్న కతోలికులూ ప్రొటెస్టెంట్లూ కలిసి ప్రార్థన చేశారు. ఇప్పుడు ఆయన పేరు పక్కన డొరొతియా పేరు కూడా చేర్చి చెబుతున్నారట. ఐదువందల ఏళ్లు పట్టింది.

ఇదంతా చదువుతుంటే మా నాన్న గుర్తొచ్చారు. మా ఊళ్లో తగువులు తీర్చే పెద్దమనిషి. ఎవరు పిలిచినా అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయేవారు. అమ్మ కంచం మీద మూతపెట్టి కూర్చునేది. నాన్న పెద్దకర్మ రోజున ఇద్దరు అన్నదమ్ములు వచ్చి, పొలం గట్టు కోసం తలలు పగలగొట్టుకోబోయిన మమ్మల్ని ఆయనే కలిపాడని ఏడ్చారు. అమ్మ వింటూ కూర్చుంది, ఏమీ అనలేదు.

మొన్న అమ్మకి ఫోన్ చేసి అడిగాను, ఆ గట్టు తగువు ఏ ఏడాదిదమ్మా అని.

"ఏ ఏడాదో నాకేం తెలుసే. తమ్ముడికి పళ్లొస్తున్నాయి. ఆ రాత్రి వాడికి ఒళ్లు కాలిపోతుంటే నేనొక్కదాన్నే తడిగుడ్డ వేస్తూ కూర్చున్నా" అంది.

కాసేపాగి తనే అంది, "వాళ్లిద్దరూ ఇప్పటికీ ఒకే బోరు నీళ్లు వాడుకుంటున్నారు. మంచిదేగా!"