బొగత నీళ్లు మారలేదు, మన చిరునామాయే మారింది



వానలు పడితే చాలు, ఫోన్ల నిండా బొగత వీడియోలే. "తెలంగాణ నయాగరా" అని పేరు కూడా పెట్టేశారు. మనకు మాత్రం అది చీకుపల్లి వాగు. ఛత్తీస్‌గఢ్ వైపు గుట్టల మీద కురిసిన వాన వాగై వచ్చి, వాజేడు అడవిలో బండల మీంచి దూకి, చివరికి గోదావరిలో కలుస్తుంది. పైన వాన దంచితే బురద నీళ్లతో ఉరుముతుంది, వానలు వెనకబడ్డాక తేటపడుతుంది. మనవాళ్లు తునికాకు కోసే ఎండాకాలానికి బండలు తేలి, నీళ్లు సన్నబడతాయి.

ఇంతవరకు అందరికీ తెలిసిందే. ఈ ఒడ్డు చరిత్ర మాత్రం మనలో చాలామందికి తెలియదు.

గోదావరికి ఇవతల ఉన్న ఈ నూగూరు ప్రాంతాన్ని నిజాం 1860లో బ్రిటిష్ వాళ్లకు ఇచ్చేశాడు. తర్వాత అది సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంది. 1909లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2016లో జయశంకర్ భూపాలపల్లి, 2019లో ములుగు. వాగు ఉన్నచోటే ఉంది, కాగితం మీద ఊరు తిరుగుతూనే ఉంది. ఏ ఒక్కసారైనా మన తాతలను అడిగారా?

ఇది ఒట్టి చిరునామా ముచ్చట కాదు. మద్రాసు ఏజెన్సీలో ఆదివాసీ భూమి బయటివాళ్ల చేతికి పోకుండా 1917లోనే చట్టం వచ్చింది. గోదావరి దాటితే నిజాం రాజ్యం, అక్కడ ఆ చట్టం లేదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధన తెలంగాణ ఏజెన్సీకి వర్తించింది 1963లో. ఒకే కోయ జాతి, ఒకే నది, ఒడ్డుకో చట్టం! గీత ఎక్కడ గీశారన్న దాన్ని బట్టే మన భూమికి రక్షణ ఉందో లేదో తేలింది.

2016లో ముల్లకట్ట దగ్గర గోదావరి మీద వంతెన తెరిచారు. అప్పట్నుంచి బొగతకు జనం పోటెత్తుతున్నారు. రావద్దని మనం అనట్లేదు. కానీ 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలని చెప్తోంది. బొగత గురించి ఏ నిర్ణయం జరిగినా గ్రామసభలో మన గొంతు వినబడాలి. వినబడాలంటే ముందు మనం సభకు పోవాలి కదా!

ఒక్క పని చేద్దాం. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు పెద్దమనుషుల దగ్గర కూచుందాం. వాగు పేర్లు, మడుగుల పేర్లు, వంతెన లేనప్పుడు పడవల మీద గోదావరి దాటిన రోజులు అన్నీ అడిగి రాసుకుందాం. వాళ్లు పోయాక వాగు ఉంటుంది, కానీ దాని కథ చెప్పేవాళ్లుండరు.