అర్థములేని పలుకులు చేయు మేలు

శబ్దమునకు అర్థమే ప్రాణమని పెద్దల మాట. నిఘంటువు తెరచినచో ప్రతి పదమునకు ఎదుట దాని అర్థము కనబడును. అయినను తెలుగువారు దినదినము ఆడు మాటలలో, పాడు పాటలలో, నిఘంటువునకు చిక్కని శబ్దములు కొల్లలుగా కలవు. బుర్రకథలో వంతలు పలుకు ‘తందాన తాన’కు అర్థమేమి? రోకటి పాటలోని ‘సువ్వి’కి అర్థమేమి? ‘చుట్టాలు గిట్టాలు వచ్చినారా?’ అని అడుగునపుడు చుట్టము లెవరో తెలియును గాని, ఆ ‘గిట్టాలు’ ఎవరు? ఇవి వట్టి ఊతపదములని కొందరు త్రోసివేయుదురు. కాని వీని చరిత్రను పరిశీలించినచో, అర్థముగల మాటలకు సాధ్యముకాని పని నొకదానిని ఇవి శతాబ్దులుగా చేయుచున్నవని తెలియగలదు. ఒకరి నొకరు ఎరుగని పదిమందిని ఒక్క గొంతుగా చేయుటయే ఆ పని.

ఇందుకు చక్కని తార్కాణము హైదరాబాదు నగరమునకు తూర్పు వాకిలివంటి దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు ప్రాంతము. మూసీనదికి దక్షిణమున మలకుపేట దాటిన పిమ్మట వచ్చు ఈ నేల ఒకప్పుడు పొలములతో నిండియుండెను. దిల్‌సుఖ్‌నగరు ఒక జాగీర్దారు పేర వెలసినది, ఎల్.బి.నగరు 1964 నుండి 1966 వరకు భారత ప్రధానియైన లాల్‌బహదూర్ శాస్త్రి పేర వెలసినది. విజయవాడ బాట, నాగార్జునసాగరు బాట ఎల్.బి.నగరు కూడలియందే చీలును. ఆ బాటలవెంట నల్లగొండ, ఖమ్మము, గుంటూరు, కృష్ణా జిల్లాలనుండి చదువు కొరకు, కొలువు కొరకు, కూలి కొరకు జనులు వచ్చి ఇచ్చట కాపురములు పెట్టిరి. ఎల్.బి.నగరు పురపాలకము 2007లో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసిపోయెను. 2018 సెప్టెంబరు 24న మెట్రో రైలు అమీరుపేట నుండి ఎల్.బి.నగరు వరకు నడచుట ఆరంభమయ్యెను. నేడచ్చట ఒకే మెట్లదారిలో ఎదురుపడు నలుగురు నాలుగు జిల్లాలవారై యుందురు.

ఇట్టివారి నడుమ పాట ఎట్లు నిలుచును? ఒక ఊరి పాట వేరొక ఊరివారికి రాదు. ఒకే కథను పాడినను వరుస వేరు, మాటలు వేరు. అయినను ఆశ్వయుజమాసము రాగానే ఈ ప్రాంతపు కాలనీలలో బతుకమ్మ చుట్టును స్త్రీలు వలయముగా నిలిచి ఆడుదురు. సరూర్‌నగరు చెరువున పూలను విడిచెదరు. పాట ఎరిగిన ఒక యిల్లాలు సగము చరణము నెత్తుకొనును. దాని చివర ‘ఉయ్యాలో’ అని వచ్చును. తక్కినవారందరు ఆ మాటను అందుకొందురు. పాట ధర్మాంగద మహారాజు కథయైనను, అత్తవారింటి కష్టములైనను, చివర వచ్చునది ‘ఉయ్యాలో’ యే. ఉయ్యాల యనగా ఊగునదని అందరికిని తెలియును. కాని ఆ కథలో ఊగుటయు లేదు, ఊపుటయు లేదు. వాడుకచే ఆ పదము తన అర్థమును విడిచి, వట్టి స్వరమై మిగిలినది. ‘చందమామ’, ‘వలలో’, ‘కోల్’ అనునవియు ఇట్టివే.

అర్థమును విడిచిన ఆ మాట మూడు పనులు చేయుచున్నది. మొదటిది, వలయము తిరుగు అడుగునకు, చప్పట్లకు లయ నిచ్చుట. రెండవది, పాడు యిల్లాలికి తరువాతి చరణమును జ్ఞప్తికి తెచ్చుకొనుటకు ఒక్క క్షణము వ్యవధి నిచ్చుట. మూడవది అన్నింటికంటె ముఖ్యము. పాట రానివారు సైతము పాడగలుగుట. నిన్ననే కాపురమునకు వచ్చిన కోడలు, బతుకమ్మ నెన్నడు చూడని కోస్తా జిల్లా ఆడపడుచు, మాటలు పూర్తిగా రాని చిన్నపిల్ల, అందరును ఆ ఒక్క పలుకుతో వలయమున చేరుదురు. 2025 సెప్టెంబరు నెలాఖరున సరూర్‌నగరు క్రీడాప్రాంగణమున వేయిమందికి పైగా స్త్రీలు ఒక్కసారిగా బతుకమ్మ ఆడిరి. అంతమంది ఒకే పాటను కంఠస్థము చేయుట కష్టము. ఒకే పల్లవిని అందుకొనుట సులభము.

ఈ పద్ధతి నేటిది కాదు. 13వ శతాబ్దివాడైన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున ఆనాడు ప్రజలు పాడు పదములను పేర్కొనెను. వానిలో తుమ్మెద పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు కలవు. పాటల జాతికి పేరు కథనుబట్టి గాక, తరచుగా వచ్చు పల్లవిమాటను బట్టి వచ్చినదని ఈ పేర్లే సూచించుచున్నవి. తుమ్మెద పాటలో తుమ్మెదను గూర్చియే పాడనక్కరలేదు. ఉయ్యాల పాట వలెనే. సోమనాథుడు శివభక్తిని పామరులకు అందించదలచినవాడు గనుక వారి నోటనున్న పదములను తక్కువగా చూడలేదు.

అట్లే 1408 నుండి 1503 వరకు జీవించిన తాళ్ళపాక అన్నమాచార్యుడు ‘బ్రహ్మమొక్కటే’ అను పేర ప్రసిద్ధమైన సంకీర్తనమునందు ‘తందనాన’ అను జానపదుల పలుకును చేర్చుకొనెను. రాజునకును బంటునకును, బ్రాహ్మణునకును అంత్యజునకును భేదము లేదని చెప్పు పాట అది. ఆ భావము చెప్పుటకు సంస్కృత సమాసము లెన్నియైనను దొరకును. కాని అందరును ఒకటే యని చెప్పు పాటను అందరును పాడవలెను గదా! చదువుకొన్నవాడును, చదువులేనివాడును తడబడక పలుకగలది ‘తందనాన’ మాత్రమే. అర్థములేని పలుకు ఇచ్చట పాటలోని అర్థమునకే సాక్ష్యమైనది.

ఆ పలుకే బుర్రకథలో వేరొక రూపమున వినబడును. నడుమ నిలిచి తంబుర మీటుచు కథ చెప్పువాడు కథకుడు. ఇరువైపుల డక్కీలు వాయించువారు వంతలు. కథకుని చరణమునకు వంతలు ‘తందాన తాన’ అని బదులు పలుకుదురు. జంగము కథగా వర్ధిల్లిన ఈ కళను 1940 తరువాత ప్రజానాట్యమండలి వారు ప్రజల కష్టములు చెప్పుటకు వాహికగా చేసికొనిరి. సుంకర సత్యనారాయణ కథలు వ్రాసెను. 1920లో జన్మించి 1997లో కీర్తిశేషుడైన షేక్ నాజరు వానిని ఊరూర చెప్పి జనమును కదిలించెను. ఆనాటి మద్రాసు ప్రభుత్వమును, హైదరాబాదున నిజాము ప్రభుత్వమును బుర్రకథను నిషేధించినవి. ప్రభుత్వములు భయపడినది చరణములలోని మాటలకు. కాని ఆ మాటలను విన జనమును నిలిపినది, మరునాడు పొలములో వారి నోట ఆడినది ‘తందాన తాన’. దానిలో రాజద్రోహమును చూపగల న్యాయస్థానము లేదు. దానిని జనుల నోటినుండి తీసివేయగల శాసనమును లేదు.

పాటయందేకాక పనియందును ఈ శబ్దములకు స్థానము కలదు. ఎల్.బి.నగరు నుండి దక్షిణముగా పోవు బాట చేరు నాగార్జునసాగరు ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసెను. అది రాతి కట్టడము. వేలకొలది కూలీల చేతులమీదుగా లేచినది. పెద్దబండను పదిమంది కదలించునపుడు పదిమంది బలము ఒకే క్షణమున పడవలెను. లేనిచో బండ కదలదు, లేదా కాలిపై పడును. ‘ఐలెస్సా’ వంటి కేకలు ఆ క్షణమును నిర్ణయించును. పడవ లాగువారు, పల్లకి మోయువారు, స్తంభములు నిలువబెట్టువారు, అందరును ఎరిగిన సంగతి ఇది. అర్థముగల మాటయైనచో ఆలోచింపవలసివచ్చును. కేకకు చేయి తానే లేచును.

శాస్త్రీయ సంగీతనృత్యములు సైతము ఈ బాటనే నడచినవి. నేడు దిల్‌సుఖ్‌నగరు వీధులలో మృదంగమో, కూచిపూడియో నేర్చుకొను పిల్లలు మొదట పలుకునవి జతులు. ‘తకిట’ యనగా మూడు, ‘తకధిమి’ యనగా నాలుగు, ‘తకతకిట’ యనగా ఐదు, ‘తకిట తకధిమి’ యనగా ఏడు, ‘తకధిమి తకతకిట’ యనగా తొమ్మిది. ఇవి మాటలు కావు, నోటిలో నిలుచు లెక్కలు. కర్ణాటక సంగీతమున తిల్లానా, హిందుస్తానీలో తరానా ఇట్టి శబ్దముల మీదనే ప్రధానముగా నిర్మింపబడినవి.

ఇక మాటలోనికి వచ్చినచో, తెలుగువాని నోట ‘గి’కారము చేయు చమత్కారమును గమనింపవలెను. మాట మొదటి అక్షరమును తీసి, అది హ్రస్వమైన ‘గి’, దీర్ఘమైన ‘గీ’ చేర్చుదురు. పులి గిలి, పాము గీము, బస్సు గిస్సు. మెట్రో వచ్చిన దినముననే ‘మెట్రో గిట్రో’ యు వచ్చినది, ఎవరును నేర్పలేదు. అదే వీధిలో ఉర్దూ పలుకువారు ‘చాయ్ వాయ్’ అందురు. శబ్దము వేరు, పద్ధతి ఒకటే. ఆచార్య ముర్రే ఎమెనో 1956లో భారతదేశ భాషలను గూర్చి ప్రకటించిన ప్రసిద్ధవ్యాసమున, ఇట్టి ప్రతిధ్వని పదములు వేర్వేరు కుటుంబముల భాషలకు ఉమ్మడి సొత్తని గుర్తించెను. అతిథిని ‘కాఫీ గీఫీ త్రాగెదరా?’ అని అడుగుటలో ఒక మర్యాద కలదు. కాఫీయే కానక్కరలేదు, మీకు నచ్చినది అడుగుడని ఆ ‘గీఫీ’ తెలుపును.

వ్యాకరణమును వీనిని పూర్తిగా వెలివేయలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణమున పట్టపగలు, నట్టనడుమ, బట్టబయలు వంటి రూపములకు సూత్రము కలదు. ‘పట్ట’ యని విడదీసినచో ఆ చోట దానికి స్వంత అర్థము లేదు. పగటితో చేరినపుడు మాత్రము మిట్టమధ్యాహ్నపు వెలుగు కనులకు కట్టును. అర్థములేని ముక్క అర్థమునకు బలము నిచ్చుట యిదియే.

ఇంతటి మేలుచేయు పలుకులకు కలిగిన అపాయము ఆశ్చర్యకరమైనది. నిషేధములకు చావనివి అచ్చులో చచ్చుచున్నవి. పాటలను పుస్తకముగా వేయువారు పుటలు కలిసివచ్చుటకై పల్లవిమాటను మొదటి చరణమున మాత్రమే ఉంచి, తక్కిన చోట్ల విడిచిపెట్టు వాడుక కలదు. అర్థము చెడలేదని వారి తలంపు. కాని అట్టి పుస్తకమును చూచి పాడబోయిన పిల్లకు అడుగు కుదరదు, ఊపిరి అందదు. పదిమంది చేరుటకు చోటును ఉండదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బిరుదురాజు రామరాజు జానపద గేయసాహిత్యముపై చేసిన పరిశోధనము 1958లో గ్రంథరూపమున వెలువడి, పల్లెపాటకు పండితలోకమున గౌరవము తెచ్చెను. ఆ గౌరవము పాటలోని ప్రతి శబ్దమునకును చెందవలెను.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన నాటినుండి తెలుగు గ్రంథాలయములు అర్థముగల పుస్తకములను కాపాడుచు వచ్చినవి. అర్థములేని పలుకులను కాపాడుటయు వాని పనియే. ప్రతి గ్రామ గ్రంథాలయమును తన ఊరి ముసలమ్మల బతుకమ్మ పాటలను, నాటుకూలీల కేకలను, జోలపాటలను ఒక్క ‘ఓ’ కారమైనను విడువక వ్రాయించి, వారి గొంతులతోనే ధ్వనిముద్రణము చేయించి, అలమరలో నిలుపవలెను. ఆ ఊరినుండి ఎల్.బి.నగరు చేరిన మనుమరాలు ఒకనాడు తిరిగివచ్చి ఆ పాట నడిగినపుడు, చరణములన్నియు మరచిపోయి యున్నను, ‘ఉయ్యాలో’ యని అందుకొనుటకు ఆమెకు ఒక చోటుండును.